పన్నెండు దాటిన బ్లా

ఐర్లండులోని వాటర్‌ఫర్డ్‌లో ఎక్కడ తినాలని ఎవరైనా అడిగితే, ముందు ఎప్పుడు తినాలో అడగమంటుంది స్టేషియా ఫోరన్. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా అయితే ఆమె దగ్గరే తినాలి. పన్నెండు దాటాక ఎవరు ఎక్కడ తిన్నా ఆమెకు పట్టదు, పస్తున్నా పట్టదు.

బల్లీబ్రికెన్ గుట్ట మీద, మాంసం కొట్టుకీ చెప్పులు కుట్టే కొట్టుకీ మధ్య ఎనిమిది బల్లల హోటలు ఆమెది. రాత్రి కలిపి పెట్టిన పిండిని తెల్లవారుజామున మూడింటికి లేచి ఉండలు చేస్తుంది. వాటి మీద పొడిపిండి చల్లి, ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పళ్లెంలో పేర్చి పొయ్యిలోకి తోస్తుంది. అవే బ్లాలు. తల్లిపాలు మానాక ఈ ఊరి బిడ్డ నోట్లోకి ముందుగా పోయేది ఆ మెత్తటి రొట్టే. స్టేషియా దాన్ని మధ్యకి చీల్చి, వెన్న రాసి, వేయించిన పంది మాంసం గానీ ఎర్ర సాసేజీ బిళ్ళలు గానీ పెట్టి ఇస్తుంది. తినేవాడి ముక్కుకీ గడ్డానికీ కోటుకీ పిండి అంటుకోవాల్సిందే. పొద్దున ఆఫీసుల్లో కోటు మీద ఆ మరక లేనివాణ్ణి చూస్తే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఆ బ్లాకి మధ్యాహ్నం దాకానే ఆయుష్షు. పన్నెండు దాటిందా, పైన తోలు, లోపల దూది. ఇది స్టేషియా పెట్టిన నియమం కాదు. వాళ్ళ అమ్మమ్మ నాటికే పాతబడిన మాట. మిగిలిపోయిన ఒకటీ అరా పెరటి గోడ మీద కాపుకాసే సీగల్ పక్షులకి పోతుంది.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు జెరాల్డ్ ఐల్వర్డ్ వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ భవనం అతనిదే. టీ చెప్పాడు. వాన గురించి మాట్లాడాడు, ఆదివారం జరిగిన హర్లింగ్ ఆట గురించి మాట్లాడాడు, మళ్ళీ వాన దగ్గరికే వచ్చాడు. చల్లకొచ్చి ముంత దాచేవాళ్ళని స్టేషియా చాలామందిని చూసింది.

"జెరాల్డ్, నువ్వు టీ కోసం రాలేదు. చెప్పు" అంది.

"జూన్‌తో నీ లీజు అయిపోతోంది కదా."

"అవును. అయితే ఏంటి?"

"సాయంత్రమైతే వీధంతా దీపాలు పెట్టుకుని కళకళలాడుతోంది. నీ కొట్టొక్కటే తాళం వేసి ఉంటోంది. వైన్ అమ్మేవాళ్ళు ఎవరో అడుగుతున్నారు. చిన్న చిన్న గిన్నెల్లో ఆలివ్ కాయలవీ పెడతారట."

"ఆలివ్ కాయలు" అంది స్టేషియా, ఎవరికో జబ్బు చేసిందని విన్నట్టు.

"నిన్ను పొమ్మనడం లేదు నేను. తిండి సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నారు కదా, ఊళ్ళో ఎక్కడ తినాలో చెప్తూ. అందులో నీ పేరొస్తే కళ్ళు మూసుకుని ఐదేళ్ళకి సంతకం పెడతాను. రాకపోతే మరి నా ఇబ్బంది కూడా చూడాలి."

అతను వెళ్ళాక స్టేషియా బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఆమెకి అరవై రెండు. ఇరవయ్యో ఏట తల్లి పక్కన ఆ పొయ్యి ముందు నిలబడింది, ఇంకా నిలబడే ఉంది. బ్లాలు ఈ ఊరివే, వాటిని చేసే చేతులకి పక్క ఊళ్ళో కూడా పని దొరకదు. ఆ గది పోతే తనకి వేరే గది లేదు.

పుస్తకం వాళ్ళకి ఒక నిబంధన ఉంది. ఇద్దరు పరీక్షకులు వస్తారు, తింటారు, రాసుకుంటారు. కానీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపే వస్తారు. ఊరు చూడవచ్చినవాళ్ళు రాత్రి భోజనానికే దారి అడుగుతారట.

"ఇంకోసారి కాలిస్తే సరిపోదా పిన్నీ?" అంది మజెల్లా. ఆమె స్టేషియా అక్క కూతురు, బల్లల దగ్గర వడ్డించేది ఆమే.

"సాయంత్రం నేను కాలిస్తే పొద్దుటివి మీ అమ్మ కాలుస్తుందా? పిండి రాత్రంతా నానాలి. ఉన్నది ఒక పొయ్యి, రెండు చేతులు."

"అయితే పొద్దుటివే తడిబట్టలో చుట్టి పెడదాం. ఏడింటికి పొయ్యిలో పెట్టి వెచ్చచేద్దాం. పైన పీత మాంసం పెడితే ఎవరు కనిపెడతారు?"

"నేను."

"నువ్వు తినవు కదా. ఒక్క సాయంత్రం పిన్నీ. ఈ కొట్టు పోతే నేను మాత్రం ఎక్కడికి పోతాను?"

ఆ చివరి మాట స్టేషియాకి తగిలింది. సరే అంది. నలభై రెండేళ్ళలో ఆమె చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క మాటే. అది తప్పని అంటున్నప్పుడే ఆమెకి తెలుసు.

ఇక్కడ ఈ ఊరి గుణం ఒకటి చెప్పాలి. హోటల్లో కూర్చుని తిండి బాగాలేదని చెప్పినవాడు ఈ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. సూపులో బొద్దింక ఈదుతున్నా సరే, ఎలా ఉందండీ అని అడిగితే, చాలా బాగుందండీ అంటాడు. డబ్బిచ్చి, థాంక్స్ చెప్పి, ఇంటికెళ్ళి వారం రోజులు తిట్టుకుంటాడు, జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కడు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత ఈ ఊరిని చూసే పుట్టి ఉండాలి.

స్టేషియా కొట్టు మాత్రం అందులో చేరదు. అది హోటలు కింద లెక్క కాదు, ఇల్లు కింద లెక్క. నెడ్ క్విల్టీ అనే ముసలాయన ఒకప్పుడు గాజు ఊది గ్లాసులు చేసేవాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున ఏడింటికి వచ్చి ఏదో ఒక వంక పెడతాడు. వెన్న తక్కువైందంటాడు, మాంసం మాడిందంటాడు, టీ మీ నాన్న సమాధిలా చల్లగా ఉందంటాడు. "అయితే రేపు రాకు" అంటుంది స్టేషియా. మర్నాడు ఏడింటికి వస్తాడు. ఆ పోట్లాట లేకపోతే ఇద్దరికీ తెల్లారినట్టు ఉండదు.

పరీక్షకులు జూన్ మొదటి గురువారం వచ్చారు. ఏడు గంటలైనా సూర్ నది మీద ఎండ పొద్దుటి ఎండలాగే ఉంది. మజెల్లా బల్లలకి గుడ్డలు పరిచింది, పట్టపగటి వెలుతురులో కొవ్వొత్తులు వెలిగించింది. కొట్టు ఖాళీగా కనిపించకూడదని పొద్దుటి మనుషులనే పిలిచి కూర్చోబెట్టింది. నెడ్ టై కట్టుకుని వచ్చాడు. ఆ టై అతని మెడకి అంత్యక్రియలకి తప్ప ఎక్కదు.

పరీక్షకుల్లో ఒకావిడ డబ్లిన్ మనిషి, ఆనర్ ప్లంకెట్. మర్యాదస్తురాలు, చిన్న నోటు పుస్తకం, సన్న పెన్సిలు. రెండోవాడు ఊరి తిండి సంఘం కార్యదర్శి కార్తేజ్ కీలీ. వెనక సందులోనే పుట్టాడు. పదేళ్ళప్పుడు ప్రతి శనివారం పొద్దున్నే తల్లి చేతికిచ్చిన దిండు గలీబు పట్టుకుని బ్లాల కోసం పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు పొట్ట వచ్చింది, మెడలో సంఘం బిళ్ళ వేలాడుతోంది.

మజెల్లా పళ్ళేలు పెట్టింది. పీత మాంసం, నిమ్మ చెక్క, పక్కన ఏదో ఆకు. స్టేషియా వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆ బ్లాలు పొయ్యిలోంచి తీసినప్పుడే వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

ఆనర్ ఒక ముక్క కొరికింది. "చాలా బాగుంది" అంది, పెన్సిలు తీసి రాసుకుంది.

కార్తేజ్ కొరికాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. మింగలేక కక్కలేక ఒక గుక్క నీళ్ళు తాగాడు. "చాలా బాగుంది" అన్నాడు, కొవ్వొత్తితో చెప్తున్నట్టు.

మజెల్లా ముఖం వికసించింది. ఇంకేముంది, రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే అనుకుంది.

స్టేషియా కిటికీ పక్క బల్ల దగ్గరికి నడిచింది. "ఎలా ఉంది నెడ్?"

నెడ్ తల ఎత్తలేదు. పళ్లెం అంచున వేలు రాస్తూ, "చాలా బాగుంది స్టేషియా" అన్నాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ మనిషి ఆమెతో ఆ మాట అనలేదు. అది ఊళ్ళోవాళ్ళు పరాయి హోటల్లో అనే మాట. మళ్ళీ గడప తొక్కనివాళ్ళు అనే మాట. సొంత కొట్లో నిలబడి పరాయిదానిలా ఆ మాట వినాల్సి వచ్చినందుకు స్టేషియా సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు తన మీద, తర్వాత ఆ గదిలో మర్యాదగా నములుతున్న ప్రతి నోటి మీద.

నెడ్ ముందున్న పళ్లెం తీసేసింది. నేరుగా పరీక్షకుల బల్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళ పళ్ళేలు కూడా తీసి పేర్చుకుంది.

"మేమింకా తింటున్నాం" అంది ఆనర్.

"వద్దమ్మా, తినకండి. కార్తేజ్, ఇదెలా ఉంది?"

"చెప్పాను కదా స్టేషియా, చాలా..."

"మళ్ళీ ఆ మాటన్నావంటే మీ అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి చెప్తాను. దిండు గలీబు నిండా బ్లాలు మోసుకెళ్ళినవాడివి నువ్వు. దార్లో రెండు తినేసి, పక్షులు ఎత్తుకెళ్ళాయని చెప్పినవాడివి. ఇదెలా ఉంది?"

కార్తేజ్ మెడ ఎర్రబడింది. ఏభై ఏళ్ళ ఊరి మర్యాద అతని నోటికి అడ్డం పడింది.

"పాచిపోయింది" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

"గట్టిగా."

"పాచిపోయింది స్టేషియా. తోలు నమిలినట్టుంది."

"బతికించావు. ఈ సాయంత్రం ఈ కొట్లో విన్న మొదటి నిజం ఇదే." ఆమె ఆనర్ వైపు తిరిగింది. "తప్పు నాదమ్మా, మీది కాదు. పొద్దుటి రొట్టెని సాయంత్రం మీ ముందు పెట్టాను. రేపు పొద్దున రండి. ఇది ఏంటో అప్పుడు తెలుస్తుంది మీకు."

"నిబంధన ప్రకారం సాయంత్రం తిన్నదాని మీదే మేం రాయాలండీ" అంది ఆనర్, నిజంగానే నొచ్చుకుంటూ.

"నిబంధన మీది. రొట్టె నాది."

పెరటి తలుపు తీసి, మూడు పళ్ళేలూ గోడ మీదికి బోర్లించింది. పక్షులు వాలాయి. వాటికి మొహమాటం లేదు. పీత మాంసం ఏరుకుని తిని, రొట్టెని ఒకసారి పొడిచి చూసి వదిలేశాయి.

అందరూ వెళ్ళాక మజెల్లా కొవ్వొత్తులార్పి, ఒక కుర్చీలో కూలబడి ఏడ్చింది. "పోయింది పిన్నీ. చేతికందినదాన్ని కాలదన్నావు."

స్టేషియా ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల బతుకు కూడా తన చేతుల్లోనే ఉందని ఆమెకి తెలుసు, అది ఆమెని కోస్తూనే ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. "పోతే పోనీ. అబద్ధం పెట్టి నిలబెట్టుకున్న కొట్టులో నేను మాత్రం ఎలా నిలబడగలను? లే, రేపటికి పిండి కలపాలి."

మర్నాడు ఏడున్నరకి ఆనర్ ప్లంకెట్ వచ్చింది. ఒకటి తింది, కోటు దులుపుకుంది, ఇంకోటి తింది. "దీన్ని పుస్తకంలో పెట్టలేను" అంది, ముక్కు మీద పిండితో. "పెట్టకండి, తిన్నారుగా" అంది స్టేషియా. కార్తేజ్ ఆ వారమంతా రాలేదు. శనివారం వచ్చాడు, చేతిలో దిండు గలీబుతో. స్టేషియా దాన్ని నింపి ఇచ్చింది.

నెల మధ్యలో పుస్తకం వచ్చింది. నిగనిగలాడే అట్ట, నలభై హోటళ్ళ పేర్లు. స్టేషియాది లేదు. ఆమె ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కిటికీలో పెట్టింది. 'ఎక్కడ తినాలో చెప్పే పుస్తకంలో మేం లేము. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా ఇక్కడున్నాం.'

ఆ వారంలోనే జెరాల్డ్ ఐల్వర్డ్ వచ్చాడు. పన్నెండూ ఇరవై అయింది, స్టేషియా బల్లలు కడుగుతోంది. కాగితాలు ముందు పెట్టాడు.

"చూడు, నేను రాయిని కాదు. పుస్తకంలో రాకపోయినా రెండేళ్ళు ఇస్తాను. ఒక్కటే షరతు, కింద రాశాను. రాత్రి పది దాకా తెరిచి ఉంచాలి. ఏం వండుతావో నీ ఇష్టం, బ్లాలే పెట్టుకో."

స్టేషియా చదివింది. చెవి మీదున్న పెన్సిలు తీసి ఆ వాక్యం మీద గీత కొట్టి, కాగితాన్ని వెనక్కి తోసింది.

"అది ఉంటేనే సంతకం" అన్నాడు జెరాల్డ్.

"అయితే వద్దు."

పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, అతని కళ్ళు పళ్లెంలో మిగిలిన ఒక్క బ్లా మీదికి పోయాయి. "పోనీ ఆ ఒక్కటీ ఇలా ఇవ్వు, తినేసి పోతాను."

"పన్నెండు దాటింది."

"కనిపిస్తూనే ఉంది కదా ఎదురుగా."

"అది పక్షులకి."

"ఈ కొట్టు నాది స్టేషియా."

"కొట్టు నీదే. టైము పన్నెండూ ఇరవై."

జెరాల్డ్ కాగితాలు మడిచి లేచాడు. "నీ మొండితనమే నిన్ను ముంచుతుంది."

"మునిగితే పొద్దున్నే మునుగుతాను. సాయంత్రం దాకా ఆగను."

జూన్ ముప్పై వచ్చింది. లీజుకి అదే ఆఖరి రోజు. పన్నెండింటికి అందరూ వెళ్ళారు. తలుపు దగ్గర నెడ్ చాలాసేపు టోపీ సవరించుకున్నాడు. సాయంత్రం మజెల్లా గిన్నెలు సర్దడానికి అట్టపెట్టెలు తెచ్చేసరికి, స్టేషియా మోచేతుల దాకా పిండిలో ఉంది.

"ఇదేంటి పిన్నీ? రేపటి నుంచి ఇది మనది కాదు."

"వాడొచ్చి తాళం వేసేదాకా మనదే. తాళం ఏ టైముకి వేస్తాడో చెప్పలేదుగా. పొద్దున ఆరింటికి జనం వస్తారు. ఏం పెట్టమంటావ్, అట్టపెట్టెలు పెట్టనా?"

జూలై ఒకటిన తెల్లవారకముందే గుట్ట మీదికి బ్లాల వాసన పాకింది. స్టేషియా ఆరింటికి మామూలుగానే తలుపు తీసింది. అట్టపెట్టెల సంగతి మజెల్లా ఎవరికి చెప్పిందో గానీ, జనం వరస మాంసం కొట్టు దాటి, గుట్ట మలుపు దాటి పోయింది.

ఏడింటికి జెరాల్డ్ వచ్చాడు. ఒక చేతిలో తాళం, కోటు జేబులో కాగితాలు. నేరుగా తలుపు వైపు నడిచాడు.

"వరస అటు వెనక ఉంది జెరాల్డ్" అన్నాడు నెడ్.

ఈ ఊళ్ళో పుట్టినవాడు లీజు రద్దు చేయగలడు, మనిషిని వీధిలో నిలబెట్టగలడు, వరస తప్పించి మాత్రం ముందుకు పోలేడు. జెరాల్డ్ వెళ్ళి మలుపు దగ్గర నిలబడ్డాడు. ముప్పావుగంట నిలబడ్డాడు. ముందూ వెనకా జనం అతనితో ఒక్క మాట మాట్లాడలేదు, అతను వినేలా మాత్రం చాలా మాట్లాడుకున్నారు. ఆలివ్ కాయ బ్లాలో పెడితే గింజ ఎటు ఉమ్మాలని ఒకడడిగాడు. జెరాల్డ్ వాళ్ళ అమ్మ ఆఖరి రోజుల్లో ఇంకేమీ మింగలేనప్పుడు ఇక్కడి బ్లానే పాలల్లో నానబెట్టి తినిపించారని ఒక ముసలమ్మ ఇంకొకామెకి చెప్పింది. జెరాల్డ్ నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ పాల గిన్నె పట్టుకున్నది తనే.

అతని వంతు వచ్చింది. స్టేషియా ముఖంలో ఏ మార్పూ లేదు. బ్లా చీల్చింది, వెన్న రాసింది, మాంసం పెట్టింది, ఇచ్చింది. అతను పక్కకి జరిగి నిలబడే తిన్నాడు. తాళం బల్ల మీద ఉంది. మజెల్లా దాన్నే చూస్తోంది.

"ఎలా ఉంది?" అంది స్టేషియా.

జెరాల్డ్ నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది, అతని పెదవులు కదలడం అందరికీ కనిపించింది. స్టేషియా కళ్ళలోకి చూసి నోరు మూసుకున్నాడు. ఇంకోసారి నమిలాడు. గడ్డం మీద పిండి.

"వెన్న తక్కువైంది" అన్నాడు.

"ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను నేను" అన్నాడు నెడ్ వెనక నుంచి.

జెరాల్డ్ పిండి చేతులతోనే జేబులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. పెన్సిలు గీత అలాగే ఉంది. దాని మీద సిరాతో ఇంకో గీత ఉంది, అది స్టేషియా కొట్టింది కాదు.

స్టేషియా ఆ గీతని చూసింది. లోపలికి వెళ్ళి వెన్న గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"తొందరగా సంతకం పెట్టి పక్కకి జరుగు జెరాల్డ్" అంది. "వెనక జనం ఉన్నారు."